రాజకీయ వ్యంగ్యానికి హద్దు ఎవరు గీయాలి? స్క్రిప్టు డెస్క్ అనుభవంతో ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ఊళ్లో ఒకే రోడ్డుకు మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. దాని మీద మీ యూట్యూబ్ ఛానెల్‌లో వ్యంగ్య వీడియో పెట్టారు, బాగా ఆడింది. అందులోనే ఓ నలభై సెకన్లు మీ ఎమ్మెల్యే నత్తిని అనుకరించారు. ఆయన అనుచరులు మూకుమ్మడిగా రిపోర్ట్ కొట్టడంతో వీడియో పోయింది. కేసు పెడతామని ఫోన్లు వస్తున్నాయి. ఇంకోపక్క మీ అభిమానులు కామెంట్లలో ఆయన కులాన్నీ కూతుర్నీ లాగి తిడుతున్నారు. వ్యంగ్యానికి హద్దు ఎక్కడ, దాన్ని ఎవరు గీయాలి, కామెంట్లు తీసేస్తే మీరూ సెన్సార్ చేసినట్టే కదా అని అడిగారు.

నేను తెలుగు న్యూస్ ఛానెళ్లలో ఇరవై రెండేళ్లు స్క్రిప్టు డెస్క్‌లో పనిచేశాను. అందులో పదేళ్లకు పైగా వారం వారం రాజకీయ వ్యంగ్య కార్యక్రమమే నా పని. నా మాట ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద తీసినదాంట్లో ఒక్క ఫ్రేమ్ కూడా వెనక్కి తీసుకోకండి. నత్తి భాగం మాత్రం మీరే తీసేయండి, ఎవరూ అడక్కపోయినా సరే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనిపిస్తాయి. నిజానికి రెండోది చేస్తేనే మొదటిదాని మీద గట్టిగా నిలబడగలరు.

మనకు దగ్గర్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కొత్త అసెంబ్లీలో ఎమ్మెల్యేలు ప్రమాణం చేశారు. ఆ తర్వాత టీవీ9లో ‘బుల్లెట్ న్యూస్’ అనే వ్యంగ్య కార్యక్రమం ఆ కొత్త ఎమ్మెల్యేలను ఎగతాళి చేసింది. సభ్యుల్నీ తెలంగాణ ప్రజల్నీ అవమానించారని సభ మండిపడింది. చర్య తీసుకునే అధికారాన్ని స్పీకర్‌కు అప్పగిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఛానెల్ క్షమాపణ చెప్పింది. అయినా జూన్ 16 నుంచి టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కూడా తెలంగాణ ఇళ్లలో కనిపించడం మానేసింది. కోర్టు ఆపమనలేదు. కేబుల్ ఆపరేటర్లు వైరు తీసేశారు, అంతే. అది నెలల తరబడి సాగింది. ఆ సెప్టెంబరులో వరంగల్ సభలో ముఖ్యమంత్రి కేసీఆర్ మీడియాను పాతిపెడతామన్నంత మాట అన్నారు.

అప్పుడు మా డెస్క్‌లో రెండు వాదాలు నడిచాయి. కొందరు పత్రికా స్వేచ్ఛ పోయిందన్నారు. కొందరు, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, మా భాషను చూసి నవ్వితే ఎలా ఉంటుందో మీకు తెలీదన్నారు. నేను రెండో మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దశాబ్దాల పాటు మన సినిమాల్లో తెలంగాణ యాసను రౌడీకో కమెడియన్‌కో అంటగట్టారు. ఆ గాయం మీదుగా రాష్ట్రం వచ్చింది. రెండు వారాలు కూడా తిరక్కుండా మొదటిసారి గెలిచి వచ్చినవాళ్లని, వాళ్ల తీరు చూసి నవ్వితే, ఆ నవ్వు ఎమ్మెల్యే దగ్గర ఆగదు. ఆయనలా మాట్లాడే ఇంటింటికీ వెళ్తుంది. ఆ రోజు వ్యంగ్యం తగలకూడని చోట తగిలిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ తప్పుకి వైరు కోసేయడం అంతకంటే చాలా పెద్ద తప్పు. ఒక కార్యక్రమం నచ్చకపోతే లక్షల ఇళ్లలో మొత్తం ఛానెల్ ఎందుకు పోవాలి? ఎన్నాళ్లు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఎవరి సంతకంతో? అడగడానికి ఒక కాగితం కూడా లేదు.

వి6లో ‘తీన్మార్ వార్తలు’ అప్పటికే నడుస్తోంది. అదే యాస, అదే కాలం. బిత్తిరి సత్తి పాత్రను గుర్తు తెచ్చుకోండి. ఏమీ తెలియని అమాయకుడిలా ప్రశ్న అడుగుతాడు. జనం నవ్వేది అతని యాసకు కాదు, జవాబు చెప్పలేని పెద్దమనుషుల తీరుకి. మా ఇంట్లో మా అమ్మ ఆ కార్యక్రమం చూస్తూ, “ఈడు మనోడు” అనేది. యాస ఒక్కటే, నవ్వు ప్రయాణించే దిక్కు వేరు.

నా సొంత తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ నలభై సెకన్లు చూడగానే నాకు గుర్తొచ్చింది అదే. 2006 పంచాయతీ ఎన్నికల తర్వాత, మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన సర్పంచుల వెనక భర్తలు పెత్తనం చేస్తున్నారని ఒక స్కిట్ రాశాను. ఉద్దేశం మంచిదే. నటి ప్రమాణ పత్రాన్ని కూడబలుక్కుంటూ చదువుతుంది, వెనక నుంచి భర్త అందిస్తుంటాడు. స్టూడియోలో అందరూ పగలబడి నవ్వారు. నిజంగా ఒక ఊళ్లో జరిగిన వీడియో చూసే అది రాశాను. పేరు మార్చాను గానీ చీర, గుడి, అరుగు అన్నీ అచ్చం దించాను. రెండ్రోజుల తర్వాత ఆ సర్పంచమ్మ ఆఫీసుకి ఫోన్ చేసింది. తిట్టలేదు. “సార్, నేను మూడో తరగతి చదివాను. ఆ కాగితం నాలుగు రాత్రులు కూర్చుని నేర్చుకున్నాను. సంతకాలు పెట్టేది మా ఆయన, ఆయన మీద వేసుకోండి. నా చదువు మీద ఎందుకు వేశారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. మా పైవాళ్లు సారీ చెప్పడానికి ఒప్పుకోలేదు. ఆ స్కిట్ మళ్లీ ప్రసారం కాకుండా మాత్రం ఆపగలిగాను.

అప్పటి నుంచి స్క్రిప్టు టేబుల్ మీద ఒక ప్రశ్న పెట్టుకున్నాం. జోకులోంచి పదవిని తీసేసి చూడండి. ఇంకా నవ్వొస్తోందా? నత్తిని అనుకరిస్తే ఎమ్మెల్యే నత్తికైనా, కిరాణా కొట్టు ఆయన నత్తికైనా నవ్వే జనం నవ్వుతారు. అంటే ఆ జోకుకి రాజకీయంతో పని లేదు, శరీరం మీద బతుకుతోంది. మూడు శంకుస్థాపనలు మాత్రం పదవి తీసేస్తే మిగలవు. మామూలు మనిషి ఒకే రోడ్డుకు మూడుసార్లు రిబ్బన్ కట్ చేయలేడు. కాబట్టి అది అచ్చంగా రాజకీయ వ్యంగ్యం. చదువు, రంగు, ఎత్తు, కులం, భార్యాపిల్లలు, జబ్బు, యాస ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి. మాట తప్పడం, లెక్క చూపకపోవడం, పార్టీ మారడం, బంధువులకు కాంట్రాక్టులు ఇవ్వడం నెగ్గుతాయి.

మిమిక్రీ తప్పా అని మీకు అనుమానం రావచ్చు. కాదు. నేరెళ్ల వేణుమాధవ్ గారి రోజుల నుంచీ నాయకుల గొంతులు మన వేదికల మీద పలుకుతూనే ఉన్నాయి. నాయకుడు ఎంచుకున్న ఊతపదం, సభలో చెయ్యి ఊపే తీరు, కండువా, నినాదం, ఇవన్నీ ఆయన జనం కోసం తయారుచేసుకున్న వేషం. ఆ వేషాన్ని మీరూ వేయొచ్చు. నత్తి ఆయన ఎంచుకున్నది కాదు.

ఈ తేడా మన పాత కళల్లోనూ ఉంది. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్య వంత, ఇంకో పక్క రాజకీయ వంత ఉంటారు. పల్నాటి యుద్ధం నడుస్తుండగా రాజకీయ వంత కథ ఆపి కరువు గురించీ, పన్నుల గురించీ అడుగుతాడు. ఆ పనికి మనవాళ్లు కథలోనే ఒక మనిషిని నిలబెట్టారు. అందుకే పాలకులు దాన్ని చూసి భయపడ్డారు. అదే సమయంలో మనకు చెడ్డ ఉదాహరణ కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో కూచిమంచి జగ్గకవి ఒక జమీందారు మీద కోపంతో చంద్రరేఖా విలాపం రాశాడు. అవమానించింది జమీందారు. కావ్యంలో ఎక్కువ బురద పడింది మాత్రం ఆయన ఉంపుడుగత్తె చంద్రరేఖ మీద. ఆ పద్యాల పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం చదివినప్పుడల్లా బాధేస్తుంది. పెద్దవాడి మీద ఎత్తిన చెయ్యి పక్కనున్న బలహీనురాలి మీద పడటం మనకు కొత్త కాదు. మీ కామెంట్లలో ఎమ్మెల్యే కూతురి మీద పడుతున్నదీ అదే.

హద్దు ఎవరు గీయాలన్న రెండో ప్రశ్నకు చరిత్ర నుంచి ఇంకో రెండు సంగతులు. 1983లో ఈనాడు శాసనమండలి వార్తకు ‘పెద్దల గలభా’ అని శీర్షిక పెట్టింది. రెండే పదాలు. దాని మీద మండలి సభాహక్కుల గొడవ లేపింది, ఎడిటర్ రామోజీరావు అరెస్టు దాకా వెళ్లింది, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1985లో ఆ మండలే రద్దయింది. 1987లో తమిళనాడులో ఆనంద వికటన్ పత్రిక ఎమ్మెల్యేల మీద, మంత్రుల మీద ముఖచిత్రంపై ఒక కార్టూన్ వేసింది. శాసనసభ ఆ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు మూడు నెలల కఠిన జైలు విధించింది. గగ్గోలు పుట్టాక రోజుల్లోనే వదిలేశారు. రెండు చోట్లా నొప్పి పుట్టినవాళ్లే న్యాయమూర్తులయ్యారు. జోకు బాగుందా, చెత్తగా ఉందా అన్నది తర్వాతి మాట. గాయపడ్డానన్నవాడే తీర్పు చెప్పి, వాడే శిక్ష అమలు చేయకూడదు.

ఇప్పుడు సభల కంటే గుంపులు ఎక్కువయ్యాయి. 2025 మార్చిలో స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా షో మీద కోపంతో ముంబైలో ‘హ్యాబిటాట్’ వేదికను శివసేన కార్యకర్తలు ధ్వంసం చేశారు. 2021 జనవరిలో మరో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని ఇండోర్‌లో పట్టుకుపోయి నెలకు పైగా జైల్లో ఉంచారు. అదే మునవ్వర్ 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళా వేదికలో షో చేశాడు. అడ్డుకుంటామన్న బెదిరింపులు ఉన్నా పోలీసులు భారీగా కాపలా కాశారు, షో జరిగింది. అంటే ప్రభుత్వం తలచుకుంటే వేదికను కాపాడగలదు. వైరు కోసిన చెయ్యి, సుత్తి పట్టిన చెయ్యి, మూకుమ్మడిగా రిపోర్ట్ నొక్కిన చెయ్యి, మూడూ ఒకే జాతి. మూడింట్లోనూ విచారణ ఉండదు, కారణం రాసిన కాగితం ఉండదు, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో తెలీదు.

కాగితం ఉన్న దారి ఒకటుంది. కోర్టు. నేను లాయర్ని కాదు, కానీ ప్రతి ఎపిసోడ్ ముందూ లాయర్ పక్కన కూర్చున్నవాణ్ణి. మీకు పనికొచ్చేవి చెప్తాను. పరువు నష్టం నేరం ఇప్పుడు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. అది పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టేది కాదు. పరువు పోయిందనుకున్న మనిషి మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలి. అనుచరుడికి కోపం వచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రజా పదవిలో ఉన్నవాళ్లు ఆ పదవిలో చేసిన పని మీద నిజాయితీగా చెప్పిన అభిప్రాయానికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. మీ రోడ్డు భాగం నిలబడేది దాని మీదే. అందుకే మూడు శిలాఫలకాల ఫొటోలు, తేదీలు, ఉంటే సమాచార హక్కు కింద తీసుకున్న జవాబులు ఫైల్లో పెట్టుకోండి.

ఫోన్ చేసేవాళ్లు 66ఏ అని బెదిరిస్తే కంగారు పడకండి. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఆ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు కడుతుంటే 2022లో మళ్లీ ఆపమని చెప్పింది. సాధారణంగా వాడేది వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టారనే, అదే న్యాయ సంహితలోని 196వ సెక్షన్. అలాంటి కేసుల గురించే 2025 మార్చి 28న కాంగ్రెస్ ఎంపీ, కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు మంచి తీర్పు ఇచ్చింది. మాటల ప్రభావాన్ని గుండె ధైర్యం, స్థిరమైన బుద్ధి ఉన్న మనిషి దృష్టితో చూడాలి గానీ, ప్రతిదానికీ భయపడేవాడి దృష్టితో కాదని చెప్పింది. కవిత్వం, నాటకం, వ్యంగ్యం మనిషి బతుకును అర్థవంతం చేస్తాయని కూడా అందులో ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, ముందు డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరిపి పద్నాలుగు రోజుల్లో తేల్చే వీలు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ఉంది. ఇలాంటి కేసుల్లో ఆ దారి వాడమని పోలీసులకు సూచించింది. మీ లాయర్‌కి ఈ తీర్పు ప్రింట్ తీసి ఇవ్వండి. స్టేషన్‌కి పిలిస్తే లాయర్ లేకుండా వెళ్లొద్దు, నోటీసు రాతపూర్వకంగా అడగండి.

అదే సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో వికలాంగుల్ని ఎగతాళి చేసిన కమెడియన్లను తమ ఛానెళ్లలోనే క్షమాపణ చెప్పమంది. మీ నలభై సెకన్లు ఏ పక్క పడతాయో ఆలోచించండి. రేపు మీరు కోర్టులో నిలబడితే ఎదుటి లాయర్ రోడ్డు గురించి ఒక్క మాట మాట్లాడడు. ఆ నలభై సెకన్లే పదే పదే వేసి చూపిస్తాడు.

ఇక వీడియో వెనక్కి తెచ్చుకోవడం. ముందు ఏ కారణంతో తీశారో యూట్యూబ్ పంపిన మెయిల్‌లో చూడండి. వేధింపు కింద తీశారా, కాపీరైట్ కిందా అన్నది ముఖ్యం. రాజకీయ వ్యంగ్య వీడియోలు పరువు నష్టం వల్లే కాదు, ఎవరిదో సభ క్లిప్ వాడారన్న కాపీరైట్ వల్ల కూడా పోతాయి. కాపీరైట్ అయితే ప్రతివాద నోటీసు ఇవ్వొచ్చు. క్లెయిమ్ చేసినవాళ్లు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. మన చట్టంలో విమర్శ కోసం కొంత వాడుకోవడం తప్పు కాదు, కానీ క్లిప్‌లు కుదించండి. వేధింపు కింద తీసి ఉంటే నత్తి భాగాన్ని సమర్థిస్తూ అప్పీలు రాయకండి. అప్పీలు తిరగ్గొడితే, యూట్యూబ్ ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడా న్యాయం జరగకపోతే, మన దేశపు ఐటీ నియమాల ప్రకారం ఆ జవాబు వచ్చిన ముప్పై రోజుల్లోపు కేంద్రం వేసిన అప్పీళ్ల కమిటీకి వెళ్లొచ్చు. అక్కడ రాతపూర్వకంగా జవాబు వస్తుంది. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు (యూట్యూబ్ వేసే తప్పు మార్కులు) పడితే ఛానెలే పోతుంది కాబట్టి, ఈ గొడవ తేలేదాకా అనుమానం ఉన్న పాత వీడియోలను ప్రైవేట్‌లో పెట్టుకోవడం మంచిది.

కామెంట్ల సంగతి మీరు అడిగిన మూడింట్లో తేలికైనది. మీ ఛానెల్ కామెంట్లు మీ ఇంటి అరుగు లాంటివి. అరుగు మీద కూర్చుని ఒకాయన పక్కింటి ఆడపిల్లను బూతులు తిడుతుంటే లేచి వెళ్లమంటారు, దాన్ని ఎవరూ సెన్సార్ అనరు. కులం పేరు పెట్టి తిట్టిన కామెంట్లు, కుటుంబాన్ని లాగినవి, చంపుతాం కొడతాం అన్నవి తీసేయండి. తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎందుకంటే కేసు వస్తే ఎప్పుడు తీశారో చూపించాలి. మిమ్మల్ని తిట్టినవి, ఎమ్మెల్యేను పొగిడినవి, మీ లెక్క తప్పని వాదించినవి ఒక్కటీ తీయొద్దు. అక్కడ చెయ్యి పెడితే మాత్రం మీరూ వైరు కోసినవాళ్ల వరసలో చేరతారు. యూట్యూబ్‌లో కొన్ని పదాలను ఆపి ఉంచే సౌకర్యం ఉంది. మన తిట్లను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో జనం రాసే రకరకాల స్పెల్లింగుల్లోనూ అందులో చేర్చండి. లేకపోతే సగం జారిపోతాయి. ఆ కామెంట్లు రోజంతా ఒకే మనిషి చదవకూడదు. మా దగ్గర చదివిన కుర్రాడు రెండు నెలల్లో నిద్ర పట్టక ఉద్యోగం మానేశాడు. వంతులు వేసుకోండి.

ఇంకో పని కూడా చేయండి. వీడియో మొదట్లో ఒక్కసారి ‘ఇది వ్యంగ్యం’ అని వేస్తే చాలదు. వాట్సాప్‌లో తిరిగేది మధ్యలోని ముప్పై సెకన్ల ముక్క. ఆ ముక్కలో ఎమ్మెల్యే గొంతుతో మీ నటుడు అన్న మాటను నిజమనుకుంటారు. తెర మూలన ఆ పదం, మీ ఛానెల్ పేరు మొదట్నుంచి చివరిదాకా ఉండాలి. ఏఐతో ఆయన గొంతునే తయారుచేసి వాడొద్దు. మనిషి చేసే మిమిక్రీలో అది మిమిక్రీ అని తెలుస్తుంది, దీంట్లో తెలీదు. తెలియనప్పుడు అది వ్యంగ్యం కాదు, అబద్ధపు వార్త.

మీ నలభై సెకన్లు తీసేసినట్టు కొత్త వీడియో కింద ఒక వాక్యం రాయండి. అనుచరులు భయపెట్టారు కాబట్టి కాదు, నత్తి ఉన్న పిల్లలు కూడా మీ వీడియోలు చూస్తారు కాబట్టి అని అందులోనే చెప్పండి. ఆ తర్వాత రోడ్డు భాగాన్ని పూర్తిగా, కుదించకుండా, మూడు తేదీలూ తెర మీద కనిపించేలా మళ్లీ ఎక్కించండి. ఎమ్మెల్యేకు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపి, ఆయన జవాబిస్తే అది కూడా వేయండి. ఎక్కించే ముందు స్క్రిప్టు, శిలాఫలకాల ఫొటోలు నాకు పంపితే చదివి చెప్తాను. ఆదివారం ఖాళీగానే ఉంటాను.